తాళం నా గుప్పిట్లో

నా చిన్నప్పుడు పెద్దవాళ్లు ఏదైనా అడిగితే కాదనడం నాకు చేతనయ్యేది కాదు. ఆ అలవాటును ఒక్క పూటలో వదిలించినవాడు మా మేనమామ. ఆయన నగరంలోని చెరువులో జనాన్ని తిప్పే లాంచీ నడిపేవాడు. మా ఊరి దగ్గర ఇప్పుడు హైటెక్ సిటీ అద్దాల మేడలున్న చోటంతా అప్పట్లో బండరాళ్లే. సెలవుల్లో లింగంపల్లిలో రైలెక్కి ఆయన దగ్గరికి పోయేదాన్ని.

ఒక ఆదివారం జనం టికెట్లు పట్టుకుని ఒడ్డున నిలబడి ఉండగా లాంచీ ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. డీజిల్‌లో నీళ్లు చేరాయి. మామ ఇంజను చల్లారనిచ్చి, బ్యాటరీ తీగ విప్పి, డీజిల్ వచ్చే కుళాయి కట్టేసి, ఇంజను తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"కొత్త ఫిల్టర్ బిగించి కింద తెల్ల కాగితం పరుస్త. నేను పంపు కొట్టినంక వంద లెక్కవెట్టు. సుక్క పడకుంటెనే తాళం ఇయ్యి. నేనడిగినా ఇయ్యకు," అన్నాడు.

ఫిల్టర్ కింది గిన్నెలో చేరిన నీళ్లను డబ్బాలోకి వదిలాడు. పాత ఫిల్టర్ తీసి కొత్తది బిగించాడు. కుళాయి తిప్పి, చేతిపంపు కొట్టి లోపలి గాలి పోగొట్టాడు. అంతా తుడిచి కాగితం పరిచాడు. నేను లెక్క మొదలుపెట్టాను. ఒడ్డు మీద మేనేజరు సారు, ఈ ట్రిప్పు పోతే రేపటి నుంచి పనిలోకి రావద్దని కేకలేస్తున్నాడు. మామకు ముగ్గురు పిల్లలు. నా లెక్క నలభై దాటకముందే ఆయన చేయి చాపాడు.

"ఇగ చాలు. తాళం ఇయ్యి బిడ్డా."

"ఇంక వంద కాలే మామా."

"జర మాట ఇను. సారు మొత్తుకుంటుండు."

నాకు ఏడుపొచ్చింది. కొడతాడేమోనని భయమేసింది. అయినా గుప్పిట విప్పలేదు. డెబ్బై దగ్గర కాగితం మీద డీజిల్ చుక్క పడింది.

మామ ఫిల్టర్ విప్పి చూశాడు. పాతదాని రబ్బరు రింగు పైన అతుక్కుని ఉండిపోయింది, దాని మీదే కొత్తది బిగించేశాడు. చెరువు నడుమ ఆ డీజిల్ వేడి ఇంజను మీద కారితే నిప్పంటుకుంటుందని ఆయనకు తెలుసు. రింగు పీకి, మళ్లీ బిగించి, ఈసారి తానే వంద లెక్కపెట్టాడు. ఆలస్యంగానైనా లాంచీ కదిలింది. సారు గొణిగి ఊరుకున్నాడు.

నన్ను పరీక్షించడానికే అడిగావా అని సాయంత్రం అడిగాను.

"లేదు బిడ్డా. నేన్జెప్పిన మాట నేనే నిజంగ మరిచిన," అన్నాడు.

రిటైరయ్యే వయసొచ్చినా నేనింకా హైటెక్ సిటీలో ఒక ఆఫీసు భవనం జనరేటర్లు చూసుకుంటున్నాను. ఫిల్టర్ మార్చే ప్రతిసారీ తాళంచెవి పక్కవాళ్ల చేతిలో పెట్టి, నేనడిగినా ఇవ్వొద్దని చెబుతాను. పోయిన వారం ఆ పనిలో ఉండగానే కరెంటు పోయింది. పై అంతస్తుల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. తాళం ఇవ్వమని చేయి చాపాను.

"ఇంకా వంద కాలేదండి," అంది కొత్తగా చేరిన అమ్మాయి.

నాకు చిర్రెత్తుకొచ్చింది. అంతలోనే మామ గుర్తొచ్చి, చాపిన చేయి వెనక్కి తీసుకున్నాను.