మొసలి చేసిన సాయం

గద్వాల దగ్గర కృష్ణ మీదున్న డ్యామ్‌లో నాది భద్రత డ్యూటీ. వరద వచ్చి గేట్లు ఎత్తే ముందు సైరన్ మోగించాలి. దిగువ బండల మీద ఎవరైనా ఉంటే మైకులో అరిచి పంపించాలి. సైరన్ మోగిందంటే పారిపొమ్మని అర్థం. మా వైపు జనానికి మాత్రం అది ఆట మొదలయ్యే గంట. వినపడగానే ఆటోల్లో వచ్చి బండల మీదికి దిగిపోతారు. వరదకంటే ముందే చేపల వేపుడు వాళ్ల నూనె పొంగుతుంది.

ఒక ఆదివారం సైరన్ మోగించి గట్టు మీంచి కిందికి చూశాను. బండల మీద జనం ఫోన్లు పట్టుకొని తిరుగుతున్నారు. వాళ్ల మధ్య దుప్పటి పరిచి, టిఫిన్ గిన్నె విప్పి దర్జాగా కూర్చుంది మా అత్త. అల్లుడి డ్యామ్ చూపిస్తానని ఆత్మకూరు నుంచి చుట్టాలను కూడా వెంటబెట్టుకొచ్చింది.

మైకు అందుకున్నాను. "అత్తా, లేవుండ్రి! నీళ్లొస్తున్నయి!"

మా అత్త గొంతుకు మైకు అక్కర్లేదు. "జర ఆగుమను అల్లుడా, తింటున్నం!" అని అక్కడినుంచే కేకేసింది.

బతిమాలాను. పోలీసులను పిలుస్తానన్నాను. ఒకతను నన్ను వీడియో తీసుకున్నాడు. కంట్రోల్ రూమ్ నుంచి ఇంజనీరు సారు ఫోను: "ఖాళీ అయిందా, లేదా?" నాకు ఒళ్లు మండింది.

"మీ ఎనక మొసలి ఉన్నది!" అని మైకులో అరిచాను.

బండలు ఊడ్చినట్టు ఖాళీ అయ్యాయి. మోకాళ్ల నొప్పులని మా ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తని మా అత్త, అందరికంటే ముందు గట్టెక్కింది.

గేట్లు లేచాయి. చూస్తుండగానే దుప్పటి, గిన్నె, వాళ్లు కూర్చున్న బండ నీళ్లలో మునిగిపోయాయి. అత్త నా పక్కకొచ్చి నీళ్లలోకి తొంగిచూసింది.

"మొసలి ఏడున్నది?" అంది.

"లేదత్తా. అబద్ధం చెప్పిన."

"గట్ల చెప్తరా? నా పానం పోయినంత పనైంది. పప్పు గిన్నె గూడ పాయె!"

ఆ పూట బస్సెక్కేదాకా నాతో మాట్లాడలేదు. కానీ ఎక్కాక కిటికీలోంచి చెయ్యి చాపి నా తల నిమిరింది.

మర్నాడు జనం రెండింతలయ్యారు. పిల్లల్ని భుజాలకెత్తుకొని గట్టు దగ్గర నన్ను చుట్టుముట్టారు.

"అన్నా, మొసలి ఎప్పుడొస్తది?"

కంట్రోల్ రూమ్ గుమ్మంలో నిలబడ్డ సారు వైపు చూశాను. "నువ్వు పుట్టించినవ్, నువ్వే చూస్కో" అని ఆయన లోపలికి పోయి తలుపేసుకున్నాడు.