మేడ మీద విడిది

మొన్న భోగాపురం మీదుగా వస్తుంటే రోడ్డు పక్కన కొత్త హోటళ్ల బోర్డులు కనిపించాయి. గదులు, భోజనం, ఫంక్షన్ హాలు, అన్నీ ఒకేచోట అని. బస్సు ముందుకు వెళ్లిపోయినా నా మనసు ఆ బోర్డుల దగ్గరే తచ్చాడింది. ఆ మాట మా వైపు మొదట రాయించింది మా పిన్నే అని నా నమ్మకం. కాదనేవాళ్లు ఇంతవరకు ఎదురుపడలేదు.

హైవే దిగి జీడితోటలు దాటాక వచ్చే ఊళ్లో పిన్ని హోటలు కట్టించింది. కింద భోజనాల గది, దాని వెనక హాలు, మేడ మీద గదులు. ఆవిడ ఒకచోట కూర్చునే మనిషి కాదు. వడ్డిస్తుంటే పైన దుప్పట్లు మార్చాలని గుర్తొచ్చేది. దుప్పటి పరుస్తుంటే కింద పప్పు మాడిన వాసన తగిలేది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర కోసం దారిన పోయేవాళ్లు ఆగేవారు గాని, గదులూ హాలూ ఖాళీగానే ఉండేవి. చివరికి హాలుకు ఒక పెళ్లి కుదిరింది, అదే మొదటిది. "ఈ ఒక్క పెళ్లీ సూత్తాను. ఇదీ బాగా జరక్కపోతే జీడిపిక్కల గోడౌనుకి ఇచ్చెత్తాను" అని చిన్నాన్న తేల్చేశాడు. పేపరాఫీసులో సెలవు పెట్టి నేనూ వెళ్లాను.

మగపెళ్లివారు కోటబొమ్మాళి నుంచి మధ్యాహ్నమే దిగారు. సందు ఇరుకని వాళ్ల బస్సు హైవే మీదే ఆగింది. పిన్ని వాళ్లను మేడ మీద గదుల్లో దింపి, భోజనాలు పెట్టి, పడుకోబెట్టింది. సాయంత్రం ఎదురుకోలుకు ఆడపెళ్లివారు బిందెడు పానకం కలిపారు. సన్నాయి మొదలైంది. సరిగ్గా అప్పుడు పెళ్లికొడుకు మేనమామ మెట్ల మధ్యలో నిలబడిపోయాడు.

"మెట్లు దిగొచ్చినోడికి ఎదురుకోలేటమ్మా? మేవు పెళ్లికొచ్చినోలమా, నీ ఇంట్లో అద్దెకున్నోలమా?"

నిజమే. విడిది ఒకచోట, పెళ్లి ఒకచోట అయితేనే గదా ఎదురెళ్లడం! అన్నీ ఒకేచోట పెట్టిన సంబరంలో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. వంటింటి గుమ్మంలోంచి చుట్టు తిరిగి రమ్మని చిన్నాన్న బతిమాలాడు.

"దొడ్డిదారినా? మేవేటి దొంగలమా? పదండ్రా, బస్సెక్కుదాం" అని ఆయన మరింత బిగుసుకున్నాడు.

పిన్ని పానకం గరిటె పక్కన పెట్టింది. "ఒరే, ఆల సామాన్లన్నీ దించండ్రా. గదులు ఖాళీ సేయించండి."

సన్నాయి ఆగిపోయింది. "ఒసే, తగలెట్టేసినావే!" అన్నాడు చిన్నాన్న.

"నువ్వుండయ్యా" అని పిన్ని మేనమామ వైపు తిరిగింది. "అన్నయ్యా, మా ట్రాక్టరెక్కి మీ బస్సుకాడికి ఎల్లండి. డప్పులోల్ని కూడా తోలతన్నాను. మీరు తిరిగొత్తే ఊరి మొదట్లో పానకంతో ఎదురొత్తాం. రాకపోతే మీ బస్సు మీకున్నాది."

పెళ్లికొడుకుతో సహా ట్రాక్టరు కదిలిపోయింది. పిన్ని గదులు ఊడిపించింది, దుప్పట్లు మార్పించింది, అందరినీ ఊరి మొదటికి తోలింది, పొయ్యి గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తింది, మళ్లీ వచ్చింది. పెళ్లికూతురి తండ్రి కండువాను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మారుస్తున్నాడు. నేను వాచీ చూడడం మానలేకపోయాను. హైవే మీద హారను మోగినప్పుడల్లా బస్సు వెళ్లిపోయిందేమోనని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పొద్దు వాలుతుండగా జీడితోటల వెనకనుంచి డప్పులు వినిపించాయి.

మేనమామ ట్రాక్టరు దిగి, పానకం తాగి, ఊరికి కొత్తవాడిలా అటూ ఇటూ చూశాడు.

"మా విడిదెక్కడమ్మా?"

"మేడ మీదన్నయ్యా. ఇప్పుడే ఊడిపించినాను."

"గాలి వత్తాదా?"

"మజ్జాన్నం దిగినోలు బాగా వత్తాదన్నారు" అంది పిన్ని, నవ్వకుండా.

ఆ హాలు గోడౌను కాలేదు. గడిచిపోయిన మధ్యాహ్నాన్ని హైవే దాకా పంపి, సాయంత్రానికి కొత్తగా రప్పించుకున్న మనిషి మా పిన్ని. అలా ఎదురెళ్లి తెచ్చుకోదగ్గ మధ్యాహ్నాలు నాకూ కొన్ని ఉన్నాయి గాని, అవి ఏ రోడ్డున వెళ్లిపోయాయో తెలియక ఇప్పటికీ కాలు నిలవదు.