కుక్కర్ కూతకు సున్నా మార్కులు

2020 జూన్‌లో నోయిడాలోని ఒక కాల్ సెంటర్ నన్ను తెలుగు విభాగానికి క్వాలిటీ మేనేజర్‌గా వేసింది. పేరుకే నోయిడా; లాక్‌డౌన్ వల్ల పని చాలావరకు ఇంటినుంచే. ఢిల్లీ ఆర్.కె. పురంలో మా ఆవిడకిచ్చిన ప్రభుత్వ క్వార్టర్లో పడకగది తలుపేసుకుని, మా ఉద్యోగులు కస్టమర్లతో మాట్లాడిన రికార్డింగులు విని మార్కులు వేసేవాణ్ణి.

వినికిడి యంత్రాలు అమ్మే కంపెనీకి మేం హెల్ప్‌లైన్ నడిపేవాళ్లం. మా భాషలో ‘ఫేటల్’ అంటే క్షమించరాని తప్పు. అది దొరికితే ఆ కాల్‌కు సున్నా. మిగతాది వినక్కర్లేదు, అక్కడే ఆపేయొచ్చు. ఇంటి చప్పుడు వినిపించడం ఫేటల్. నెలలో మూడు పడితే ఇంటినుంచి పనిచేసే అనుమతి రద్దు. ఆ నిబంధన రాసింది నేనే, దాచడమెందుకు. మా ఇంట్లోనూ అమలు చేశాను: కాలింగ్ బెల్ తీగ పీకేశాను, పనివేళల్లో కుక్కర్ పెట్టొద్దన్నాను. “ఠీక్ హై, అయితే మధ్యాహ్నం అటుకులూ పెరుగూ తినండి,” అంది మా ఆవిడ. వారం రోజులు అవే తిన్నాను.

సుజాతది శ్రీకాకుళం వైపు. భర్త సైన్యంలో నాయక్, సరిహద్దులో ఉన్నాడు. ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్లో నాలుగేళ్ల కూతురితో ఒక్కతే ఉంటూ పనిచేసేది. ఆ నెలలో అప్పటికే రెండు ఫేటళ్లు పడ్డాయి: ఒకటి కూతురి ఏడుపుకి, ఇంకోటి కూరగాయల బండివాడి కేకకి. మూడోది కుక్కర్ కూత. అది వినగానే సున్నా వేసి తర్వాతి కాల్‌కు వెళ్లిపోయాను. నోయిడా ఆఫీసుకు రమ్మంటే పిల్లను చూసేవాళ్లు లేరు, ఆమె ఉద్యోగం పోయినట్టే. ఆ సంగతి తెలిసే వేశాను.

మార్కుల మీద అభ్యంతరం చెప్పుకోవడానికి రెండు రోజుల గడువుంటుంది. మామూలుగా టీమ్ లీడర్ రాసి పంపుతాడు. సుజాత తానే ఫోన్ చేసింది. నేను నిబంధన వివరించబోతే ఆపింది.

“కుక్కర్ కూసింది సార్, నేను కాదనను. ఆ తర్వాత ఏటైందో విన్నారా?”

వినలేదన్నాను.

“ఒక్కపాలి వినండి. ఆనక మీ ఇష్టం.”

విన్నాను. ఫోన్ చేసినాయన తెనాలిలో ఉండే రిటైర్డ్ మాస్టారు. నెలరోజులుగా చెవిలో దూది కుక్కినట్టుందని విసుక్కుంటున్నాడు. యంత్రం కొసన గులిమి లోపలికి పోకుండా ఆవగింజంత జల్లెడ ఉంటుంది. అది మూసుకుపోతే శబ్దం రాదు. పాతది తీసి కొత్తది ఎలా నొక్కాలో సుజాత గట్టిగా, ఓపిగ్గా మూడుసార్లు చెప్పింది. ఆయన మార్చి, చెవికి పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే కుక్కర్ కూసింది. నేను ఆపేసింది అక్కడే.

“అమ్మాయ్, అది కుక్కరేనా? మీ ఇంట్లోదేనా?”

“అవునండి, సారీ అండి.”

“సారీ ఏంటమ్మా! నాకు వినపడింది!” తర్వాత ఫోన్ పక్కన పెట్టి, లోపలికి కేకేశాడు: “ఏమేవ్, మన కుక్కర్ కూడా పెట్టు, వింటాను!”

నాకు సిగ్గేసింది. ఆ ఫేటల్ వెంటనే కొట్టేశాను. నెలాఖరున యంత్రాల కంపెనీవాళ్లూ, మేమూ కలిసి కాల్స్ వినే సమావేశంలో దీన్ని మొదటినుంచి చివరిదాకా వినిపించి, నా పొరపాటు నేనే చెప్పాను. వాళ్లు రెండోసారి పెట్టించుకుని విన్నారు. కస్టమర్‌కు మాట వినపడకపోతేనే ఇంటి చప్పుడు తప్పని నిబంధన మార్చాం. నేను రిటైరయ్యేనాటికి సుజాత అదే క్వార్టర్ నుంచి కొత్తవాళ్లకు శిక్షణ ఇస్తోంది. మా బెల్ తీగ మాత్రం ఆ కాల్ పూర్తిగా విన్న సాయంత్రమే తగిలించాను. కుక్కర్ విషయంలో మా ఆవిడ నా అనుమతి కోసం ఆగలేదు.

ఇళ్లలో కూర్చుని పనిచేసేవాళ్ల వెనక ఇల్లు వినిపిస్తుంది. మార్కులు వేసేవాడు చివరిదాకా వినాలి. ఆ కాల్ విషయంలో క్షమించరాని తప్పు ఒకటి జరిగిన మాట నిజమే. అది సగంలో ఆపేసిన నాది.