కనజావాలో వంటవాళ్ళందరికీ జబ్బే

మిత్సుయో గారి లెక్కన జపాన్‌లోని కనజావా ఊళ్ళో ఆరోగ్యంగా ఉన్న వంటవాడు ఒక్కడూ లేడు. ఒకాయనకి పిప్పిపన్ను, ఇంకొకాయనకి కళ్ళకలక, వేరొకాయన భార్యకి పురిటి నొప్పులు. వంతెన పక్కన ఈల్ చేపలు కాల్చే పెద్దమనిషి అత్తగారైతే పాపం ఒక్క ఏడాదిలోనే రెండుసార్లు పోయింది.

యునోకి కుటుంబం నడిపే చిన్న విడిదిలో ఆవిడ ఉద్యోగం గుమ్మం దగ్గర ఫోన్ ముందు. విదేశాల నుంచి వచ్చిన అతిథుల తరఫున ఊళ్ళో భోజనశాలలకు ఫోన్ చేసి చోటు అడగాలి. అవన్నీ ఒకే ఒక్క బల్ల ఉన్న ఇరుకు గదులు. వంటవాడు ఎదురుగా నిలబడి చేసి పెడతాడు. జపనీస్ తప్ప ఇంకో భాష వాళ్ళ చెవికెక్కదు, తెలిసినవాళ్ళు చెప్పందే తలుపు తియ్యరు. మిత్సుయో గారు అతిథికి వీపు తిప్పి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గోడకి వంగి వంగి దణ్ణాలు పెడుతూ మాట్లాడుతుంది. తరవాత ఇటు తిరిగిందంటే రెండే మాటలు. చోటు దొరికితే, "అత్తరు పూసుకోకండి, ఆలస్యం చెయ్యకండి, నా పరువు తియ్యకండి!" దొరక్కపోతే, "అయ్యో, ఏం చెప్పమంటారు, ఆయనకి..." అని ఓ జబ్బు.

ఈ జబ్బులతో ప్రాణం విసిగినవాడు రెంజి. విడిది యజమాని కొడుకు. ఒసాకాలో హోటళ్ళ చదువు చదివొచ్చాడు, అతిథికి అబద్ధం చెప్పకూడదని అక్కడ బుర్రకెక్కించుకున్నాడు. "ఊరు చాలా బాగుంది, కానీ ఏదో అంటువ్యాధి తిరుగుతున్నట్టుంది" అని ఆస్ట్రేలియా ఆవిడెవరో ఇంటర్నెట్‌లో రాసిన రోజున అతనికి ఒళ్ళు మండిపోయింది.

"మిత్సుయో గారూ, ఆ ఈల్ చేపలాయన అత్తగారు ఇంకెన్నిసార్లు పోతుందండీ?"

"ఆయన బుద్ధి మారేదాకా పోతూనే ఉంటుంది బాబూ."

"ఖాళీ లేదని చెప్పడానికి ఏం వచ్చింది మీకు?"

"ఖాళీ లేకపోతే అలాగే చెప్పేదాన్ని."

"ఇంకొక్క జబ్బు నా చెవిన పడిందా, ఆ ఫోన్ మీ చేతిలో ఉండదు. చెబుతున్నాను!"

ఆవిడ మూతి మూడు వంకర్లు తిప్పింది. మొగుడు పోయాక ఆవిడకున్న తోడల్లా ఆ ఫోనే. అది తీసేస్తే పొద్దుగూకేదాకా ఏం చేస్తుందో ఆవిడకే తెలియదు.

ఆ వారంలోనే చిలీ దేశం నుంచి ఓ ముసలి దంపతులు దిగారు. ఔరేలియో జీవితమంతా ఓడల్లో వంటచేశాడు. భార్య నీవెస్ బడిపిల్లలకి వండి వండి చేతులు కాయలు కాయించుకుంది. ఒక్కసారి తను కూర్చుంటే, ఎదురుగా ఇంకొకరు నిలబడి తనకోసం వండి పెట్టాలని ఆవిడ కోరిక. హోరిగుచి గారి భోజనశాల గురించి ఎవరో చెప్పారట. మర్నాడే ప్రయాణం. నీవెస్ అప్పుడే మంచి శాలువా కప్పుకుని వచ్చి నించుంది.

మిత్సుయో గారు ఫోన్ మీద చెయ్యి వేసేలోపు రెంజి అందుకున్నాడు. "ఈసారి నేను మాట్లాడతాను."

హోరిగుచి గారు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఎవరికోసమో చెప్పేసరికి ఇబ్బందిగా పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చాడు.

"విదేశీయులా? మీ నాన్నగారి మీద గౌరవం కొద్దీ చెబుతున్నాను రెంజి గారూ, వద్దండి."

"చోటు లేదాండీ?"

"చోటుకేం, ఉంది. వాళ్ళకి తినడం రాదు, నాకు వాళ్ళతో మాట్లాడడం రాదు. మొన్న కొందరు వస్తామని చెప్పి రానేలేదు. చేపలు కోసి పెట్టుకుని గోడ కేసి చూస్తూ కూర్చున్నాను."

"వీళ్ళు తప్పకుండా వస్తారండీ!"

"వస్తే మరీ కష్టం. పక్కన కూర్చునే పాతవాళ్ళు మొహాలు చిట్లిస్తారు."

రెంజి ఫోన్ పెట్టి ఇటు తిరిగాడు. నీవెస్ శాలువా సర్దుకుంటూ నవ్వు మొహంతో చూస్తోంది. ఒసాకాలో చదివిన చదువంతా గొంతులో అడ్డం పడింది.

"ఆయనకి... నడుం పట్టేసిందటండీ."

మిత్సుయో గారు కళ్ళు మూసుకుంది.

"అయ్యో పాపం! నిలబడి చేసే పని కదా," అన్నాడు ఔరేలియో. అతనికీ ఆ బాధ తెలుసు. "మీ దేశంలో జబ్బుగా ఉన్నవాళ్ళని చూడ్డానికి వెళితే ఏం పట్టుకెళతారు?"

"మెలన్ పండు," అన్నాడు రెంజి, అలవాటు కొద్దీ.

వాళ్ళిద్దరూ బయటికి వెళ్ళాక గాని, తనేం అన్నాడో అతనికి తట్టలేదు. మిత్సుయో గారు విరుచుకుపడింది.

"నడుం చెబుతారా ఎవరైనా? నడుమంటే చూడ్డానికి వస్తారు! కళ్ళకలక చెప్పాలి, అంటుకుంటుందని దగ్గరికి రారు. లేదా దూరాన ఉన్న అత్తగారు. ఆ మాత్రం తెలియకుండా ఫోన్ పట్టుకున్నారా?"

రెంజి తల దించుకున్నాడు. "ఎన్నాళ్ళ నుంచి వింటున్నారండీ ఈ మాటలు?"

"ఈ కుర్చీలో కూర్చున్న నాటి నుంచీ."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే బాధపడేవారు. దానికి ఇంతమందెందుకు, నేనొక్కదాన్ని చాలనా?" అంది చేదుగా. "వాళ్ళు ముచ్చటపడి ఇంత దూరం వచ్చారు. ఈ మాట మూటగట్టుకుని ఇంటికి పోవడం నాకిష్టం లేదు."

రెంజికి సిగ్గుతో మొహం ఎత్తబుద్ధి కాలేదు. అంతలో ఫోన్ మోగింది. అవతల హోరిగుచి గొంతు గుసగుసగా వణుకుతోంది.

"ఏమండీ, ఎవరో ఇద్దరు ముసలివాళ్ళు వచ్చి నా నడుం చూపించమని సైగలు చేస్తున్నారు! ఆవిడ బల్ల దాటి ఇవతలికి వచ్చి నా వీపుకి ఏదో మందు రాస్తోంది! ఘాటుకి కళ్ళ నీళ్ళు వస్తున్నాయి!"

మిత్సుయో గారు ఫోన్ లాక్కుంది. "మీకు నడుం పట్టేసిందని చెప్పాం లెండి. పండు పుచ్చుకున్నారా?"

"చేతిలో పెట్టేస్తే ఏం చెయ్యనండీ!"

"పరామర్శకి తెచ్చింది పుచ్చుకుని, బదులు ఏమీ ఇవ్వకుండా పంపిస్తారా? మీ ఇంటా వంటా ఉందా ఆ పద్ధతి? రేపు వెళ్ళిపోతున్నారు వాళ్ళు. బాకీ ఎక్కడికి పంపిస్తారు, చిలీకా?"

అవతల నుంచి పళ్ళ సందుల్లో గాలి వినిపించింది. చాలాసేపు వినిపించింది.

"వాళ్ళతో ఏం మాట్లాడనండీ?"

"నడుముకి మందు రాసే మనిషితో మాటలెందుకు? కూర్చోబెట్టి వండండి." ఠక్కున ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పొద్దున సామాను సర్దుకుని నీవెస్ గుమ్మం దగ్గరికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఎంత మంచివాడండీ! ఒక్కొక్క చేపముక్కే చేసి నా చేతికి అందించాడు. పక్కవాళ్ళు కూడా నాకు సాకే సారా పోశారు. కానీ పాపం, మేము వెళ్ళేదాకా ఒక చేత్తో నడుం పట్టుకునే ఉన్నాడు. వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో వంగి మూలుగుతూ నిలబడే ఉన్నాడు. విశ్రాంతి తీసుకోమని చెప్పండి."

"తప్పకుండా చెబుతానండీ," అంది మిత్సుయో గారు. గబుక్కున గోడ వైపు తిరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చేతిలో ఫోన్ లేదు. భుజాలు మాత్రం నవ్వుతో కదిలిపోతున్నాయి.