నాయన ఎంచిన బండి

మా ఊరి స్టేజీ దగ్గర బస్సు ఆగదు. అసలే ఆగదని కాదు, స్టేజీ దాటి ముప్ఫై అడుగులు ముందుకు పోయి ఆగుతుంది. రేకుల షెడ్డు, సిమెంటు బెంచీ, నీడ ఒకచోట ఉంటాయి, బస్సు ఇంకోచోట ఉంటుంది. బత్తలపల్లెలో ఎక్కి అనంతపురం పోయే మాబోటి వాళ్లం రోజూ పొద్దున ఆ ముప్ఫై అడుగులూ బస్సు వెనక పరుగెత్తుతాం. ఒకసారి తెలివిగా ముందే ముప్ఫై అడుగులు నడిచిపోయి నిలబడ్డాను. ఆ రోజు బస్సు షెడ్డు దగ్గరే ఆగింది.

నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. వేగం పాఠానికి రోజూ ఇలా కొంత ప్రాక్టికల్ చేసుకుని మరీ వెళతాను.

నలభై రెండో ఏట నాకు రిమోట్ బండి ఒకటి కొనుక్కోవాలనిపించింది. సంతల్లో అమ్మే ప్లాస్టిక్ బొమ్మ కాదు. బ్యాటరీతో నడిచేది, విరిగితే ముక్క మార్చుకోగలిగేది, మట్టిలో రాళ్లలో తిరిగేది. ఇంగ్లీషులో ఆఫ్ రోడ్ అంటారు. మా వైపు ఆ మాటకు ప్రత్యేకమైన అర్థమేమీ లేదు. రోడ్డు దిగితే అదే, కొన్నిచోట్ల దిగకపోయినా అదే.

ఆరు నెలలు వీడియోలు చూశాను. మోటారు రకాలు, బ్యాటరీ రకాలు, రెండు చక్రాలకు శక్తి వెళ్లేవి, నాలుగింటికీ వెళ్లేవి, అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. నా పెళ్లి విషయంలో ఎవరూ ఇంత పరిశీలన చేయలేదు, బహుశా అందుకే అది జరగలేదు. మొదటిసారి కొనేవాళ్లు నిదానంగా పోయే బండి తీసుకోవాలని చూసిన ప్రతి వీడియోలోనూ చెప్పారు. ఆ మాటతో పూర్తిగా ఏకీభవించి, అన్నిటికంటే వేగంగా పోయే బగ్గీ రకాన్ని ఎంచుకున్నాను.

ఇంట్లో మేం ముగ్గురం. నేను, అమ్మ, నాయన. నాయన అరవై ఏళ్ల పాటు ఎద్దుల వెనక నడిచిన మనిషి. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరు ఎద్దులు కొనాలన్నా ఆయన్ను సంతకు వెంటబెట్టుకుని పోయేవాళ్లు. ఆయన ముందుగా కొమ్ములు చూడడు, రంగు చూడడు. నడిపించమంటాడు. ఎద్దు పది అడుగులు వేశాక పోయి నేల మీద గుర్తులు చూస్తాడు. ముందు కాలు పడిన అడుగులోనే వెనక కాలు పడాలి. పడకపోతే భుజం మీది తువ్వాలు దులుపుకుని పక్క ఎద్దు దగ్గరికి పోతాడు. నోరు తెరిచి పళ్లు చూడడం, సుడులు చూడడం అంతా ఆ తర్వాతే. ట్రాక్టర్లు వచ్చాక ఆయన్ను పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ట్రాక్టరు అడుగు ఎలా పడుతుందని ఎవరూ అడగరు.

మా చివరి జతను రెండేళ్ల కింద అమ్మేశాం. కొన్నవాళ్లు తోలుకుపోయేటప్పుడు నాయన ఇంట్లో లేడు. ఎక్కడికి పోయాడని మేం అడగలేదు.

ఈ ఏడాది ఆయన కుడి మోకాలికి బెంగళూరులో ఆపరేషన్ అయింది. బాగానే అయింది. మిగిలిందల్లా నడవడమే. రోజూ అరగంటైనా నడవాలి, లేకపోతే మోకాలు బిగుసుకుపోతుంది, బిగుసుకున్నాక తాను చేయగలిగేది తక్కువ అని డాక్టరు చెప్పాడు. నాయన అంతా విని తలూపి, ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నడువల్లంట కదా," అంది అమ్మ.

"యాడికి?" అన్నాడు నాయన.

ఒక ఆదివారం ఆయన్ను అనంతపురం తీసుకుపోయాను. అక్కడ ఒక గ్రౌండు చుట్టూ పొద్దున్నే జనం నడుస్తుంటారు. ఆయన కర్ర పట్టుకుని గేటు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు.

"వీళ్లంతా యాడికి పోతాండారు?"

"యాడికీ పోరు నాయనా. చుట్టూ తిరిగి మళ్లా ఈడికే వస్తారు."

"అయితే ఈడే కూచోనుంటే సరిపాయ కదా."

అయినా నా మాట తీసేయలేక నాలుగడుగులు వేశాడు. ఆయన్ను అలా వదిలేసి నేను బెంచీ మీద కూర్చుని ఫోన్లో బగ్గీ వీడియో ఒకటి చూశాను. వీడియో అయిపోయేసరికి ఆయన నా పక్కన కూర్చుని ఉన్నాడు.

రెండోసారి బెంగళూరు పోయినప్పుడు డాక్టరు మోకాలు వంచి చూసి, వంగినంత మేర కాగితం మీద గీత గీసి, ఎక్కడిదాకా వంగాలో ఇంకో గీత గీశాడు. రెండు గీతల మధ్య చాలా చోటుంది. "ఇంకో నెల చూద్దాం," అన్నాడు.

ఆస్పత్రి నుంచి నా చిన్న పని మీద పోయాం. చిన్న పనంటే బగ్గీ. షాపు ఒక సందులో ఉంది, వెనక కొంత ఖాళీ జాగా, అందులో ఇసుక, కంకర రాళ్లు. షాపాయన మాతో తెలుగే మాట్లాడాడు. నాయనకు కుర్చీ వేశాడు.

"ఎవురికి ఇది?" అన్నాడు నాయన, బగ్గీని చూసి.

"కాలేజీలో పిల్లోళ్లకు చూపించేకి."

ఎద్దు వయసు తగ్గించి చెప్పే బేరగాడిని చూసినట్టు నన్ను చూశాడు. "తోలి చూపీమను," అన్నాడు.

షాపాయన రిమోట్ నొక్కాడు. బగ్గీ ఒక్క కూత పెట్టింది. దుమ్ము లేచింది. దుమ్ము తగ్గాక చూస్తే బండి అవతలి గోడ దగ్గర ఉంది. నా ఆరు నెలల పరిశోధన వృథా కాలేదనుకున్నాను.

"ఎట్లుంది నాయనా?"

"ఉరుకుతాండాది. దీని వెనకాల ఎవురు పోవల్ల?"

"వెనకాల ఎవురూ పోరు. ఇట్ల నిలబడి చూస్తారు."

"దుడ్లిచ్చి కొని, అది పోతాంటే చూసేదా?"

షాపాయన నవ్వి, లోపలికి పోయి ఇంకోటి తెచ్చాడు. పాత జీపులా ఉంది, లావు టైర్లు, మెత్తగా నొక్కుకుపోతున్నాయి. "ఇది రాళ్లెక్కే బండి. మనిషి నడిచినంత వేగం పోతుంది, అంతే. మొదటిసారి కొనేవాళ్లకు ఇదే చెబుతాను సార్. ఎవరూ వినరు."

ఇసుకలో దింపాడు. అది గునగునమని పోయింది. రాయి అడ్డం వస్తే ముందు చక్రం మోపి, ఒక క్షణం ఆలోచించినట్టు ఆగి, ఎక్కి దిగింది. నేను మర్యాదకు చూస్తున్నాను. నాయన కుర్చీలోంచి ఎప్పుడు లేచాడో తెలియదు. చేతులు వెనక్కి కట్టుకుని దాని వెనక నడుస్తున్నాడు. గోడ దాకా పోయింది, ఆయనా పోయాడు. షాపాయన దాన్ని వెనక్కి తిప్పాడు. నాయన పక్కకు జరిగి, దానికి తిరిగే చోటు ఇచ్చి, నాలుకతో "చ్చొ చ్చొ" అని మళ్లీ దాని వెనక పడ్డాడు. చేనికి ఆ చివర కాడి తిప్పుకునే మనిషి అచ్చం అట్లాగే జరుగుతాడు.

తర్వాత మెల్లగా వంగి ఇసుకలో టైర్ల గుర్తులు చూశాడు. ముందు చక్రం పోయిన జాడలోనే వెనక చక్రం పోయింది. బగ్గీ పోయినచోట గుర్తులు కావు, గుంటలున్నాయి. జీపును వెల్లకిలా తిప్పమన్నాడు. షాపాయన అడుగు మూత విప్పి లోపలి గేర్లు చూపించాడు. నాయన గోటితో వాటి పళ్లను తట్టి చూశాడు.

"ఇనుమువే. ఇది తీసుకో."

"నాయనా, నేను చూసి పెట్టుకునింది మొదటిది..."

"ఆ ఎగిరిపడేదాన్ని ఇంటికి తోలుకుపోతే నాల్గు దినాల్లో కాళ్లిరగ్గొట్టుకుంటాది. నీ ఇష్టం మల్ల."

ఇష్టం నాదే అయితే బగ్గీనే. ఆ మాట అనబోతూ ఆయన కర్ర కోసం చూశాను. అది కుర్చీకి ఆనించి ఉంది. కుర్చీ ఇక్కడుంది, నాయన అక్కడ, పది పన్నెండు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఆపరేషన్ అయ్యాక కర్ర లేకుండా ఆయన గడప కూడా దాటలేదు.

నా ఆరు నెలల పరిశోధన ఆ కర్ర దగ్గర ముగిసింది. జీపు తీసుకున్నాం. బగ్గీని షాపాయన మళ్లీ అలమరలో పెడుతుంటే నేను వేరే వైపు చూశాను.

ఇంటికొచ్చి పెట్టె విప్పితే అమ్మ దాన్ని చుట్టూ తిరిగి చూసింది. "బొమ్మా?"

"ఆరు పండ్ల మీద ఉండాది," అన్నాడు నాయన. ఆరు పళ్లంటే ఎద్దుకు మంచి వయసు. రెండేళ్లలో ఆయన ఇంట్లో వేసిన మొదటి జోకు అది. అమ్మ నవ్వలేదు, కానీ ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ పెట్టింది.

మర్నాటి నుంచి పొద్దున్నే బయల్దేరేవాళ్లం. మా చేను ఇంటికి కిలోమీటరు లోపే, ఎర్ర మట్టి బాట, సగం గులకరాళ్లు. ముందు జీపు, దాని వెనక నాయన, ఆయన వెనక నేను రిమోట్ పట్టుకుని. నా కళ్లు ఎప్పుడూ జీపు మీదే. ఏ రాయి ఎలా ఎక్కుతుంది, ఏ గుంటలో పల్టీ కొడుతుంది అనే దిగులు నాది. నాయన కాలు ఎలా పడుతోందో, కర్ర మీద ఎంత బరువు వేస్తున్నాడో నేను చూసింది తక్కువ. బగ్గీ గురించి ఆలోచించడం కూడా మానలేదు. ఒక్కోసారి రిమోట్ గట్టిగా నొక్కేవాణ్ణి. జీపు పట్టించుకునేది కాదు.

దారిలో గొర్రెలు మేపే ఆయన ఒకడు రోజూ ఎదురుపడేవాడు. మొదటి రోజు ఆగి, గొర్రెల్ని ఆపి, మా ఊరేగింపు దాటిపోయేదాకా చూశాడు.

"ఏమన్నా, కొత్తగా కొన్యావా?"

"ఊ."

"ఒగటేనా?"

"జోడు దొరకలేదప్పా. చూస్తాండాం," అన్నాడు నాయన, ఆగకుండా.

మూడు వారాలు గడిచాయి. చేని గట్టు మీద ఒక బండరాయి ఉంది. మొదట్లో నాయన దాని పక్కన నిలబడేవాడు. తర్వాత కాలు చాపుకుని కూర్చునేవాడు. మూడో వారం ఒక పొద్దున చూస్తే రెండు కాళ్లూ మడుచుకుని కూర్చుని ఉన్నాడు. డాక్టరు గీసిన రెండో గీత దాకా వచ్చిందో లేదో నాకు తెలియదు గానీ, మొదటి గీత మాత్రం ఎక్కడో వెనకబడిపోయింది. ఇంకో వారంలో బెంగళూరు పోవాలి.

ఆ రోజు ఆయనకు హుషారు పుట్టి చేను చుట్టూ పోదామన్నాడు. నాలుగెకరాలు, నాలుగు గట్లూ తిరిగాం. పక్క చేలో ట్రాక్టరు దుక్కి దున్నుతోంది. నాయన దాని వైపు చూసి, మా జీపు వైపు చూసి, ముందుకు నడిచాడు. తిరిగొచ్చేటప్పుడు సగం బాటలో జీపు నిలిచిపోయింది.

నాయనా నిలిచిపోయాడు. కాసేపు దాన్నే చూశాడు.

"ఏమాయ?"

"చార్జి అయిపాయ నాయనా. ఎక్కువ తిరిగినాం."

"లేస్తాదిలే, నిలబడు," అన్నాడు. ఎద్దు పడుకుంటే ఆయన కొట్టడు, కాసేపు చూస్తాడు. మేమిద్దరం బాట మధ్యలో జీపు ముందు నిలబడి చూశాం. ఎండ ఎక్కుతోంది. నాకు బస్సు టైం అవుతోంది. ఇంకో పావుగంట ఇలాగే నిలబడితే ఆయన బాట పక్కనే కూర్చుంటాడు, కూర్చుంటే రేపు లేవడు అనిపించింది. అరుగు మీది మనిషిని నేను చూశాను కదా.

"ఇది లేసేది కాదు. పా నాయనా పోదాం," అన్నాను.

"యాడికి?" అనలేదు. అనడానికి నోరు తెరిచాడు మాత్రం.

నేను జీపును చంకలో పెట్టుకుని ఆయన్ను దాటి ముందుకు నడిచాను. పది అడుగులు నాకు నా చెప్పుల చప్పుడే వినిపించింది. ఆ తర్వాత వెనక కర్ర చప్పుడు, ఆయన చెప్పుల చప్పుడు. ఒకచోట బాట ఎత్తుకు ఎక్కుతుంది, అక్కడ నేను నెమ్మదించాను. వెంటనే వెనక నుంచి "చ్చొ చ్చొ" అని వినిపించింది. ఆలోచించే లోపే నా కాళ్లు వేగం అందుకున్నాయి. ఇంటిదాకా నేను ఒకసారి కూడా వెనక్కి తిరగలేదు, చప్పుడు ఆగితే తిరుగుదామనుకున్నాను. అది ఆగలేదు.

అమ్మ వాకిట్లో శెనక్కాయలు వలుస్తోంది. ముందు నేను, నా చంకలో ఎర్ర దుమ్ము కొట్టుకున్న జీపు, వెనక నాయన కర్రను చేత్తో ఊపుకుంటూ రావడం చూసింది. వలవడం ఆపింది. నాయన లోపలికి పోయి కాళ్లు కడుక్కునే చప్పుడు వినిపించేదాకా ఆగి, నా వైపు చూసింది.

"ఏమ్‌రా, మీ నాయన ముందర నడిచేకి ఇంట్లో నువ్వుండంగా, బెంగళూరుకు పోయి బండి కొనుక్కొచ్చేదేమి?"