కపెంబ్వా తల్లి వేలిముద్ర

ఆటల మైదానం పక్కన వేరుశనగలు వేయించి అమ్మే ఆమెను పేటలో అందరూ బానా కపెంబ్వా, అంటే కపెంబ్వా తల్లి, అనే పిలుస్తారు. మూకుడులో గింజలు కలుపుతున్నా చూపు మాత్రం ఆటమీదే; బంతి గీత దాటితే తనే లేచి తెచ్చిస్తుంది. మైదానం బాగుచేస్తే దొంగలు చేరతారనీ, ముందు చుట్టూ గోడ కట్టాలనీ పొరుగింటి ముసొండా అర్జీ పట్టుకొచ్చాడు. "బానా కపెంబ్వా, ఇక్కడో వేలిముద్ర వెయ్యి. మన భద్రత కోసమే." ఆమె మసిచేతులు నడుముకు చుట్టిన చిటెంగె గుడ్డకు తుడుచుకుంది. "బాగా ఎత్తుగా కట్టండి నాయనా. మునిమాపువేళ బంతి వెతుక్కోవడానికి వచ్చినవాణ్ణి దొంగంటూ మీరంతా కొట్టి చంపారే, ఆనాడు గోడ ఉంటే నా కపెంబ్వా లోపలికొచ్చేవాడే కాదు," అంటూ వేలిముద్ర వేసింది. ముసొండా కాగితం మడిచాడు. "వస్తానమ్మా," అన్నాడు. ఆమెను రోజూ పిలిచే పేరు పలకడానికి ఇవాళ అతనికి నోరు రాలేదు.