పల్టీల పావురం, మా పెద్దమ్మ

వన్ టౌన్‌లో మా పెద్దమ్మ మేడ మీద పావురాలు పెంచేది. వాటిలో బూడిద రంగుది గుంపుతో ఎగిరేది కాదు. గాల్లో పల్టీలు నేర్చుకుంటూ రోజూ ఎవరింటి బట్టల తీగ మీదో పడేది.

"రెక్కలు కత్తిరించెయ్. మిగతావాట్ని సెడగొడతాది," అనేవాడు పెద్దనాన్న.

"పడనీ. పడకండా ఏటి నేర్సుకుంతాది?" అంటూ పెద్దమ్మ దానికే నాలుగు గింజలు ఎక్కువ వేసేది.

ఒక ఉదయం గద్ద దాని మీదికి దూకింది. పావురం రెక్కలు ముడిచి, పల్టీ కొట్టి, నీళ్ల ట్యాంకు కింద దూరింది. గద్ద ఉత్త కాళ్లతో పోయింది.

సాయంత్రం పెద్దనాన్న వీధివాళ్లను మేడ మీదికి పిలిచి, "ఆ పల్టీ నానే నేర్పినాను," అన్నాడు.

పెద్దమ్మ పిట్టగోడ చూపించింది. "అయితే ఓపాలి మీరు కొట్టి సూపించండి."

పెద్దనాన్న మెట్ల మీదుగానే కిందికి దిగాడు.